లోన్ ఇప్పించే మనిషి ఎవరి మనిషి?

సంక్రాంతికి వారం ముందు మా పెద్దమ్మ కొడుకు లావుపాటి ఫైల్ ఒకటి చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నెల్లూరులో వేదాయపాలెం వైపు ఫ్లాట్ చూసుకున్నాడు. ధర 42 లక్షలు, అందులో 30 లక్షలు లోన్. ఫైల్ తెరిస్తే ప్రతి పేజీ కిందా పెన్సిల్‌తో వేసిన ఇంటూ గుర్తులు. సంతకం పెట్టాల్సిన చోట్లు అవి. కొన్ని పేజీల్లో నింపాల్సిన గీతలు ఖాళీగానే ఉన్నాయి. వడ్డీ రేటు ఖాళీ, ఫీజు ఖాళీ, తేదీ ఖాళీ.

"రేపు పొద్దున పదింటికి వచ్చి తీసుకుపోతానన్నాడన్నా. ఈలోపు నువ్వొకసారి చూస్తావని తెచ్చా."

"వడ్డీ ఎంత?"

"ఎనిమిదిన్నర చిల్లర అన్నాడు."

"ఏ బ్యాంకు?"

వాడు కాసేపు ఆగాడు. "బ్యాంకు కాదనుకుంటా అన్నా, హౌసింగ్ ఫైనాన్స్. ఆయనకు అక్కడ బాగా పరిచయమంట. అంతా నేను చూసుకుంటా, మీరు సంతకాలు పెట్టండి చాలు అన్నాడు."

నేను పనిచేసేది ఆడిటర్ ఆఫీసులో. కావలి నుంచి, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి రిటర్నులు వేయించుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఏదో ఒక లోన్ ఫైల్ ఉంటుంది. "అంతా నేను చూసుకుంటా" అనే మాట వాళ్లందరూ విన్నారు. ఆ మాట చెప్పేవాళ్లు మోసగాళ్లని నేను అనను. ఎండలో బండి మీద తిరిగి, జిరాక్సులు తీసి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర క్యూలో నిలబడి నిజంగానే పని చేసిపెట్టే కుర్రాళ్లు నాకు చాలామంది తెలుసు. కానీ ఆయన చూసుకునేది ఎవరి తరఫున? ఈ ఒక్క సంగతి తేలితే మిగతా చిక్కుముడులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

మన దగ్గర ఇంటి లోన్ ఏజెంటును బ్యాంకు భాషలో డీఎస్ఏ అంటారు. డైరెక్ట్ సెల్లింగ్ ఏజెంట్ అన్నమాట. పేరులోనే ఉంది, ఆయన పని అమ్మడం. బ్యాంకు గానీ ఫైనాన్స్ కంపెనీ గానీ ఆయనకు ఒక కోడ్ ఇస్తుంది. ఆ కోడ్ మీద వచ్చిన ఫైల్‌కు లోన్ డబ్బు విడుదలయ్యాక, ఆ మొత్తం మీద కొంత శాతం ఆయనకు ముడుతుంది. దాన్ని వాళ్లు పేఔట్ అంటారు. ఇందులో గమనించాల్సినవి రెండున్నాయి. ఆయనకు డబ్బిచ్చేది మనం కాదు, అప్పిచ్చే సంస్థ. పైగా లోన్ ఎంత పెద్దదైతే ఆయన వాటా అంత పెరుగుతుంది, లోన్ రాకపోతే ఏమీ రాదు. కాబట్టి "ఈ స్థలం కొనొద్దు", "ఇంత అప్పు మీకు బరువవుతుంది" అని చెప్పడం వల్ల ఆయనకు వచ్చేదేమీ లేదు. అయినా చెప్పే మంచి మనుషులున్నారు. చెప్పి తీరాలన్న చట్టం మాత్రం లేదు.

ఆస్ట్రేలియాలో సంగతి వేరు. అక్కడ ఇంటి లోన్ బ్రోకరు కస్టమర్ ప్రయోజనాన్నే ముందు పెట్టాలని 2021 జనవరి 1 నుంచి చట్టంలోనే రాసుకున్నారు. అమెరికాలో లోన్ ఇప్పించేవాళ్లకు లైసెన్సు, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. అక్కడ స్థిరపడిన మన పిల్లలు నెల్లూరులోనో ఒంగోలులోనో అమ్మానాన్నల పేరుమీద ఇల్లు కొనేటప్పుడు ఇక్కడి ఏజెంటుకూ అలాంటి బాధ్యత ఉంటుందనుకుంటారు. మన దేశంలో ఇంటి లోన్ ఏజెంటుకు విడిగా లైసెన్సు ఇచ్చే సంస్థ లేదు. స్థలం బ్రోకరుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇన్సూరెన్స్ ఏజెంటు ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం పరీక్ష పాసై నియామకం పొందాలి. లోన్ ఏజెంటుకు మాత్రం ఆయన వెనకున్న బ్యాంకే దిక్కు.

అందుకే మన హక్కులు ఏజెంటు మీద కన్నా బ్యాంకు మీద ఎక్కువ. పనిని బయటివాళ్లకు అప్పగించినంత మాత్రాన బ్యాంకు బాధ్యత తగ్గదని ఆర్‌బీఐ నిబంధన. తన పేరు చెప్పుకుని తిరిగే ఏజెంటు చేసిన తప్పుకు బ్యాంకే జవాబు చెప్పాలి. బ్యాంకుల సంఘం డీఎస్ఏల కోసం రాసిన ప్రవర్తనా నియమావళి కూడా ఒకటుంది. కస్టమర్‌ను తప్పుదోవ పట్టించకూడదని, బహుమతులు గానీ లంచం గానీ తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. మీరే వెళ్లి ఒకరిని కన్సల్టెంటుగా పెట్టుకుని ఇంత ఫీజు అని మాట్లాడుకుంటే అది వేరు, దానికి రసీదు తీసుకుంటే చాలు. బ్యాంకు తరఫున వచ్చానని చెప్పిన మనిషి "ఫైల్ ఖర్చులు పదిహేను వేలు, క్యాష్‌గా ఇచ్చేయండి" అంటే ఆ డబ్బు దేనికని అడగాలి. లీగల్ ఫీజు, వాల్యుయేషన్ ఫీజు లాంటివి సంస్థ ఖాతాకే కట్టొచ్చు, రసీదు వస్తుంది.

మీ ఇంటికి వచ్చిన మనిషి డీఎస్ఏ కాకపోవడం కూడా మామూలే. కోడ్ ఒకరిది, తిరిగేది ఇంకొకరు. వాళ్లను కనెక్టర్లు అంటారు. స్థలం చూపించినాయనే కనెక్టర్ కావచ్చు, టీ కొట్టు దగ్గర పరిచయమైనాయన కావచ్చు. అందుకే మొదటి రోజే ఒక మాట అడగండి: "ఈ ఫైల్ ఏ సంస్థలో, ఎవరి కోడ్ మీద లాగిన్ అవుతుంది?" సరైన ఏజెంటు వెంటనే చెప్తాడు. తర్వాత ఆ బ్రాంచికి ఫోన్ చేసి, ఆ పేరుతో వాళ్లకు ఏజెంటు ఉన్నాడో లేదో కనుక్కోండి. ట్రంకు రోడ్డు మీదున్న బ్యాంకుకు నడిచి వెళ్లి అడగడానికి పావుగంట పడుతుంది. 20 ఏళ్ల అప్పుకు ఆ పావుగంట ఎక్కువేం కాదు.

ఇక మా వాడి ఫైల్లో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితమే లేదు. దాని పేరు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అందరూ కేఎఫ్ఎస్ అంటారు. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే ప్రతి కొత్త రిటైల్ లోన్‌కూ ఇది తప్పనిసరి అని ఆర్‌బీఐ చెప్పింది. బ్యాంకులకే కాదు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకూ వర్తిస్తుంది. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఇది మీ చేతికి రావాలి. మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అంటే తెలుగులో కావాలని అడగడం దబాయింపు కాదు, మీ హక్కు. అందులో ఉన్నది మీకు వివరించి, అర్థమైందని మీ సంతకం తీసుకోవాలి.

ఈ కాగితంలో నాకు బాగా నచ్చేవి మూడు. ఒకటి ఏపీఆర్, అంటే ఏడాదికి మీకు పడే అసలు ఖర్చు శాతం. వడ్డీ ఒక్కటే కాకుండా ప్రాసెసింగ్ ఫీజు, మీ దగ్గర వసూలు చేసే లీగల్ ఖర్చు, ఇన్సూరెన్స్ లాంటివన్నీ కలిపి లెక్కేసిన అంకె ఇది. "వడ్డీ ఎనిమిదిన్నరే" అని చెప్పిన లోన్‌కు ఏపీఆర్ అంతకన్నా ఎక్కువ ఉంటే, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పేజీలోనే కనిపిస్తుంది. రెండోది, కేఎఫ్ఎస్‌లో రాయని ఛార్జీని లోన్ నడిచే కాలంలో ఎప్పుడూ మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వేయకూడదు. మూడోది గడువు. కేఎఫ్ఎస్ ఇచ్చాక కనీసం మూడు పనిదినాలు ఆలోచించుకునే సమయం మీకు ఉంటుంది. ఆ గడువులోపు మీరు సరే అంటే అందులో రాసిన షరతులకు సంస్థ కట్టుబడాలి. "ఈరోజు సంతకం పెట్టకపోతే ఆఫర్ పోతుంది" అని తొందరపెట్టే మాటకు ఈ నిబంధనే జవాబు.

అర శాతం వడ్డీ అంటే ఎంతో కాగితం మీద వేసి చూస్తే తప్ప మనసుకు ఎక్కదు. 30 లక్షలు, 20 ఏళ్లు అనుకుందాం. 8.5 శాతానికి నెలకు ఈఎంఐ రూ.26,035 పడుతుంది. 9 శాతమైతే రూ.26,992. నెలకు తేడా వెయ్యి లోపే కదా అనిపిస్తుంది. 240 నెలలకు అది సుమారు రూ.2.3 లక్షలు. మా వాడి ముందు ఈ లెక్క వేసినప్పుడు వాడు క్యాలిక్యులేటర్ లాక్కుని మళ్లీ తనే వేసుకున్నాడు.

అంతకన్నా పెద్ద తేడా ఇంకొకటి ఉంది, దీని గురించి ఏజెంట్లు సాధారణంగా మాట్లాడరు. 2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (మధ్యలో రేటు మారే) ఇంటి లోన్లను రెపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు) లాంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టాలి, కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించాలి. ఈ నిబంధన బ్యాంకులకు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు తమ సొంత ప్రమాణ రేటు పెట్టుకోవచ్చు. 2025లో ఆర్‌బీఐ రెపో రేటును 6.5 శాతం నుంచి విడతలవారీగా 5.25 శాతానికి దించింది. రెపోకు ముడిపడిన లోన్ ఉన్నవాళ్లకు ఆ తగ్గింపు వాళ్లు అడక్కుండానే వచ్చింది. సొంత ప్రమాణ రేటు ఉన్నచోట ఎప్పుడు తగ్గించాలి, ఎంత తగ్గించాలన్నది కంపెనీ ఇష్టం. కొత్త కస్టమర్‌కు ఇచ్చే తక్కువ రేటు పాత కస్టమర్‌కు కావాలంటే కన్వర్షన్ ఫీజు కట్టమని అడిగే కంపెనీలు చాలా ఉన్నాయి. ఫైనాన్స్ కంపెనీ దగ్గరికి వెళ్లడం తప్పని నా ఉద్దేశం కాదు. చీమకుర్తిలో గ్రానైట్ పనిచేసేవాడికీ, రొయ్యల చెరువులు వేసేవాడికీ నెలనెలా ఒకేలా ఆదాయం రాదు. అలాంటివాళ్ల ఆదాయాన్ని అర్థం చేసుకుని లోన్ ఇచ్చేది చాలాసార్లు ఆ కంపెనీలే. కానీ జీతం స్లిప్పు ఉండి, సిబిల్ స్కోరు బాగుండి, బ్యాంకులో దొరికే మనిషిని ఏజెంటు నేరుగా కంపెనీకి తీసుకెళ్తున్నాడంటే ఎందుకని అడగాలి. ఎక్కడ పేఔట్ ఎక్కువుందన్నది మనకు కనిపించదు, మన రేటు దేనికి ముడిపడిందన్నది మాత్రం కేఎఫ్ఎస్‌లో కనిపిస్తుంది.

మా వాడి ఫైల్లో 30 లక్షల లోన్‌కు బదులు 31 లక్షల 20 వేలు రాసి ఉంది. ఆ లక్షా ఇరవై వేలు ఏమిటని వెతికితే ఇంకో నాలుగు పేజీల వెనక ఒక ఇన్సూరెన్స్ ఫారం దొరికింది. దాని మీదా పెన్సిల్ ఇంటూ గుర్తు ఉంది. లోన్ తీసుకున్న మనిషికి ఏమైనా అయితే అప్పు తీర్చే పాలసీ అది. ఒకేసారి కట్టే ప్రీమియాన్ని లోన్‌లోనే కలిపేశారు. మా మరదలు అడిగింది, "ఇది లేకపోతే లోన్ రాదంట కదా బావా?" వస్తుంది. ఇంటి లోన్ కావాలంటే ఫలానా కంపెనీ పాలసీ కొనాల్సిందేనని పట్టుబట్టే హక్కు బ్యాంకుకు లేదు. ఇల్లు తాకట్టులో ఉంటుంది కాబట్టి ఇంటికి ఇన్సూరెన్స్ కావాలని అడగొచ్చు, ఏ కంపెనీలో తీసుకోవాలన్నది మీ ఇష్టం. మనిషికి రక్షణ అవసరమే, కాదనను. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో అప్పు చేసేవాడికి టర్మ్ పాలసీ ఉండి తీరాలని నేనే చెప్తాను. కానీ ఆ 1.2 లక్షలను లోన్‌లో కలిపితే 8.5 శాతం వడ్డీకి నెలకు ఇంకో రూ.1,041 కట్టాలి. 20 ఏళ్లకు దాదాపు రూ.2.5 లక్షలు. టర్మ్ పాలసీ విడిగా తీసుకుంటే ఎంతవుతుందో కనుక్కుని, పోల్చుకుని, ఆ తర్వాత ఒప్పుకోవాలి. ఇప్పటికే తెలియక సంతకం పెట్టినవాళ్లు పాలసీ కాగితాలు వెంటనే తీసి చూడండి. లైఫ్ పాలసీ చేతికి అందిన 30 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చే గడువు ఉంది. దాన్ని ఫ్రీ లుక్ అంటారు.

కొందరు ఏజెంట్లు "నాలుగు చోట్ల పెడదాం, ఎక్కడ తొందరగా అయితే అక్కడ తీసుకుందాం" అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఫైల్ పెట్టిన ప్రతి సంస్థా మీ క్రెడిట్ రిపోర్టు తీసి చూస్తుంది, అలా చూసిన ప్రతిసారీ ఆ రిపోర్టులో నమోదవుతుంది. నెల రోజుల్లో అయిదారు చోట్ల అప్పు అడిగిన మనిషి అని కనిపిస్తే స్కోరు తగ్గొచ్చు, తర్వాతి బ్యాంకు అనుమానంగా చూడొచ్చు. ముందు మీ రిపోర్టు మీరే చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. పదేళ్ల కిందటి బైక్ లోన్ కట్టేసినా ఇంకా బాకీ ఉన్నట్టు చూపించే తప్పులు అందులో ఉండొచ్చు. ముందే సరిచేయించుకుంటే రేటు దగ్గర బేరమాడే బలం మీకే వస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన విషయం. బ్యాంకు లోన్ కాదన్నప్పుడు ఏజెంటు నోట వచ్చే మాట, "పర్లేదన్నా, వీళ్లు కాకపోతే ఇంకొకరు." ఇక్కడ ఆగండి. బ్యాంకు ఎందుకు కాదన్నది? మీ ఆదాయం చాలక కాదన్నదా, ఆ స్థలం కాగితాలు చూసి కాదన్నదా? దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలని ఆర్‌బీఐ న్యాయ ప్రవర్తనా నియమాల్లో ఉంది. ఆ కారణం అడిగి తీసుకోండి. ఎందుకంటే మన రెండు జిల్లాల్లో భూమి చరిత్ర అంత తేలిక కాదు. ఒకప్పుడు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లో యజమాని పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములు నెల్లూరు, ప్రకాశంలో విస్తారంగా ఉన్నాయి. వాటినే చుక్కల భూములంటారు. ఏళ్ల తరబడి అవి 22ఏ నిషేధిత జాబితాలో ఉండి, అమ్మలేక కొనలేక జనం అవస్థ పడ్డారు. వాటి కోసం 2017లో ఒక చట్టం తెచ్చారు. 2023 మేలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ చుక్కల భూములకు ఆ నిషేధం తొలగించే కార్యక్రమం కావలిలోనే పెట్టారు. ఇవి కాక పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములున్నాయి. 1977 చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది, తర్వాత వచ్చిన సడలింపులకు షరతులున్నాయి. పంచాయతీ అనుమతి ఒక్కటే చూపించి అమ్మే లేఅవుట్లు వీటికి తోడు.

ఒంగోలు అవతల ఒక ప్లాటుకు రెండు బ్యాంకులు లోన్ కాదన్నాయి. మూడోచోట ఎక్కువ వడ్డీకి ఇప్పించారు. కొన్నాయన సంతోషంగా వచ్చి నాకు స్వీటు పెట్టాడు. ఆ రెండు బ్యాంకుల లాయర్లు ఏం చూసి వద్దన్నారో ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు. లింక్ డాక్యుమెంట్లలో, అంటే ఆ స్థలం పాత యజమానుల దస్తావేజుల్లో, ఒకదానికి వారసుల సంతకాలు లేవని ఇల్లు కట్టడానికి పునాది తీశాక తెలిసింది. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. బ్యాంకు కాదనడం ఒక్కోసారి మనకు ఉచితంగా దొరికే లాయరు సలహా లాంటిది. లోన్ వచ్చింది కాబట్టి కాగితాలు మంచివేనన్న ధీమా కూడా వద్దు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బుకు ఎంత భద్రత ఉందన్నది. మన తరఫున చూసే లాయరును మనం వేరుగా పెట్టుకోవాలి. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) తీయించి, లింక్ డాక్యుమెంట్లు వరసగా పేర్చి, 22ఏ జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసి, లేఅవుటుకు నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ నుడా గానీ ఒంగోలు వైపైతే అక్కడి సంస్థ ఔడా గానీ అనుమతి ఇచ్చిందో లేదో చూసి చెప్పే మనిషి కావాలి. అపార్టుమెంటైతే ఏపీ రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు నంబరు కొట్టి చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, 8 ఫ్లాట్లు దాటో కడుతున్నవాటికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అమ్మకపు ఒప్పందం రాసుకోకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకునే హక్కు బిల్డరుకు లేదు.

బిల్డరు ఆఫీసులోనే ఒక లోన్ ఏజెంటు కూర్చుని ఉంటాడు. "మాకు ఈ కంపెనీతో టై-అప్ ఉంది, ఇక్కడే చేయించుకోండి, వారంలో అయిపోతుంది." నిజమే, ప్రాజెక్టు కాగితాలు ఆ సంస్థ ముందే చూసి ఉంటుంది కాబట్టి పని తొందరగా అవుతుంది. కానీ ఎక్కడ లోన్ తీసుకోవాలన్నది మీ ఇష్టం. ఇంకో విషయం, ఇంకా కడుతున్న ఫ్లాటుకు లోన్ డబ్బంతా ముందే బిల్డరుకు ఇచ్చేయడం కుదరదు. నిర్మాణం ఎంతవరకు వచ్చిందో దానికి తగ్గట్టే విడుదల చేయాలని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. స్లాబు పడకముందే స్లాబు డబ్బు విడుదలకు సంతకం అడిగితే పెట్టకండి.

ఆదాయం కాగితాల సంగతి నా పనికి దగ్గరిది కాబట్టి కాస్త గట్టిగా చెప్తాను. ఆదాయం తక్కువుందని, "ఐటీఆర్ మేం వేయిస్తాం, మీకు కావాల్సినంత చూపిద్దాం" అనే ఏజెంట్లున్నారు. రాని ఆదాయాన్ని వచ్చినట్టు రెండు మూడేళ్ల రిటర్నులు వేయడం, జీతం స్లిప్పు తయారుచేయడం, ఒప్పందంలో ఇంటి ధర పెంచి రాయడం. వీటన్నిటి కిందా ఉండే సంతకం మీది. రేపు ఏదైనా తేడా వస్తే, నాకు తెలియదు, ఏజెంటు చేశాడంటే చెల్లదు. పైగా అది మీ శక్తికి మించిన అప్పు. 30 లక్షల వరకు లోన్‌కు ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతమే ఇవ్వాలని పరిమితి పెట్టింది మనం ఒక వాటా సొంతంగా పెట్టుకోవాలనే. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా సాధారణంగా ఆ విలువలో కలవదు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం దాకా అవుతుంది. ఆ డబ్బు చేతిలో లేకుండా బయలుదేరినవాళ్లే చివర్లో అధిక వడ్డీకి చేబదులు తెచ్చి టెన్షన్ పడతారు.

ఖాళీ ఫారాల మీద సంతకం, ఖాళీ చెక్కులు, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ. ఏజెంటు ఎంత దగ్గరి మనిషైనా ఈ మూడూ ఇవ్వొద్దు. అంతకన్నా వివరించాల్సిన పని లేదు.

ఏదైనా తేడా వస్తే ఎక్కడికి వెళ్లాలి? ముందు ఆ బ్యాంకుకు లేదా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, దాని నంబరు దాచుకోవాలి. ఫిర్యాదుల అధికారి ఫోన్, ఈమెయిల్ కేఎఫ్ఎస్‌లోనే ఉంటాయి. బ్యాంకైతే 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆర్‌బీఐ సీఎంఎస్ పోర్టల్లో పెట్టొచ్చు, వివరాలకు 14448 నంబరు ఉంది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ మీదైతే నేషనల్ హౌసింగ్ బ్యాంకు నడిపే గ్రిడ్స్ పోర్టల్‌కు వెళ్లాలి. ఈ తేడా తెలియక ఒకచోట పెట్టాల్సిన ఫిర్యాదు ఇంకోచోట పెట్టి నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. సేవలో లోపానికి జిల్లా వినియోగదారుల కమిషన్ నెల్లూరులోనూ ఉంది, ఒంగోలులోనూ ఉంది. నష్టం జరిగిన రెండేళ్లలోపు వెళ్లాలి. వీటన్నిటికీ ఏజెంటు నోటిమాట పనికిరాదు. అందుకే ఆయన చెప్పింది ఏదైనా సరే, "వాట్సాప్‌లో ఒకసారి రాసి పంపు తమ్ముడూ" అని అడగండి. రేటు, ఫీజు, ఎన్ని రోజుల్లో అవుతుందన్నదీ. నిజాయితీగా ఉన్నవాడు రాసి పంపుతాడు.

అసలు దస్తావేజులు అప్పగించే రోజు చాలామందికి ఆ హడావుడిలో ఒక పని గుర్తుండదు. ఏయే కాగితాలు ఇచ్చారో లిస్టు రాయించి, దాని మీద సంస్థ ముద్ర, సంతకం తీసుకోవాలి. వాటిని ఏజెంటు చేతికి కాదు, బ్రాంచిలో ఇవ్వాలి. లోన్ తీరిన 30 రోజుల్లోపు అసలు కాగితాలన్నీ తిరిగిచ్చి, తాకట్టు తొలగించాలి. తమ వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున కట్టాలని ఆర్‌బీఐ నిబంధన, 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. పోయాయంటే నకళ్లు తీయించే బాధ్యత, ఖర్చు వాళ్లవే. కానీ మీరు ఇచ్చింది తొమ్మిది కాగితాలా పదకొండా అన్న దగ్గరే గొడవ వస్తే, ఆ లిస్టు తప్ప మీకు సాక్ష్యం లేదు. ముందే కట్టేయాలనుకున్నా భయం లేదు. మనిషి పేరుమీద ఉన్న ఫ్లోటింగ్ ఇంటి లోన్‌కు ముందస్తు చెల్లింపు ఛార్జీ ఉండదు.

మర్నాడు పదింటికి ఏజెంటు వచ్చాడు. పాతికేళ్లు కూడా ఉండవు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, కేఎఫ్ఎస్ కావాలని, ఇన్సూరెన్స్ వద్దని, ఖాళీలు నింపాక సంతకం పెడతామని మా వాడే చెప్పాడు. కుర్రాడు కోప్పడలేదు. "ఇట్టా అడిగినోళ్లు ఈ మధ్య ఎవరూ లేరన్నా" అన్నాడు, రెండు రోజుల్లో కాగితం తెచ్చాడు. ఈలోపు మా వాడు తన జీతం పడే బ్యాంకుకు వెళ్లి అక్కడి కేఎఫ్ఎస్ కూడా తెచ్చుకున్నాడు. రెండూ భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టి మా మరదలు స్కేలు పెట్టుకుని వరసవరసా చదివింది. బ్యాంకులో ఏపీఆర్ తక్కువ, రేటు రెపోకు ముడిపడి ఉంది. అక్కడే తీసుకున్నారు.

రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం వాడు నాకు ఫోటో ఒకటి పంపాడు. బ్రాంచి ముద్ర వేసిన లిస్టు. పదకొండు కాగితాలు, మొదటిది 1989 నాటి లింక్ డాక్యుమెంట్.